ఎనిమిదింటి మాత్రలు

బస్సు డిపోలో ఆయన్ని అందరూ గడియారం అనే పిలిచేవారు. ముప్ఫై ఏళ్లు టైంకీపరుగా చేసిన మనిషి. రెండు బస్సులు ఒకే నిమిషానికి ఒకే ప్లాట్‌ఫారం మీదికొచ్చాయా, డ్రైవర్లిద్దరికీ చీవాట్లే. అలాంటివాడు రిటైరై ఇంట్లో కూర్చుంటే ఊరుకుంటాడా? భార్య మందుల మీద పడ్డాడు.

ఆమెకు గర్భసంచి ఆపరేషన్ చేయాలి. ఒంట్లో రక్తం పదికి చేరితే తప్ప కుదరదని డాక్టరమ్మ తేల్చి చెప్పి, ఐరన్ మాత్ర రాసింది. ఎముకల డాక్టరు రాసిన కాల్షియం బిళ్ల ఎలాగూ ఉంది. గడియారం ఆ రెండూ కలిపి, పొద్దున సరిగ్గా ఎనిమిదింటికి, గ్లాసుడు పాలతో ఆమె చేతికిచ్చేవాడు. ఒక్క రోజు తప్పలేదు, ఒక్క నిమిషం జరగలేదు.

రెండు నెలలైనా రక్తం ఎనిమిది దగ్గరే భీష్మించుకు కూర్చుంది. ఆపరేషన్ రెండోసారి వాయిదా పడింది. నాలుగు మెట్లెక్కితే చాలు, ఆమె ఆయాసంతో ఆగిపోయేది. అది చూసి ఆయనకు భయం పట్టుకుంది. ఆ భయమే కోపమై నోటికొచ్చింది.

“నిజంగా మింగుతున్నావా, నేను అటు తిరగ్గానే ఉమ్మేస్తున్నావా?” అని అడిగేశాడు.

ఆమె ఖాళీ గ్లాసు కడిగి బోర్లించింది.

మర్నాడు ఆయన మందుల షాపుకెళ్లి, నకిలీ సరుకు అంటగట్టారని తగువు పెట్టుకున్నాడు. షాపావిడ అంతా ఓపిగ్గా విని, ఏ మాత్ర ఎప్పుడు, దేనితో ఇస్తున్నారని అడిగింది. ఆయన గొప్పగా తన టైంటేబులు అప్పజెప్పాడు.

“అక్కడే వచ్చిందండీ తంటా. కాల్షియం పక్కనుంటే పేగు ఐరన్‌ని సరిగ్గా తీసుకోదు. పాలల్లోనూ కాల్షియమే కదా. పొద్దున ఐరన్ ఒక్కటే నీళ్లతో ఇవ్వండి. కాల్షియం మధ్యాహ్నం భోజనంతో వెయ్యండి” అందావిడ.

ముప్ఫై ఏళ్లు రెండు బస్సుల్ని ఒకచోటికి రానివ్వనివాడు ఇంట్లో చేసిన నిర్వాకం ఇదా? తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టయింది. దారి పొడవునా సిగ్గుతో చచ్చిపోయాడు.

ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. తప్పంతా తనదేనన్నాడు, అనకూడని మాట అన్నానన్నాడు.

“పాలు నాకు మొదట్నుంచీ పడవండీ. మీరు టైం చూసుకుని మరీ తెస్తుంటే వద్దనలేక తాగాను” అంది ఆమె.

పాతికేళ్ల పైచిలుకు కాపురం. ఏ బస్సు ఎక్కడ ఎన్ని నిమిషాలాగుతుందో ఆయనకు కంఠతా వచ్చు. పెళ్లానికి పాలు పడవని మాత్రం తెలీదు.

ఆరు వారాలకు రక్తం పది దాటింది. ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. ఆ మధ్యాహ్నం భోజనం దగ్గర కాల్షియం బిళ్ల అందిస్తూ, ఆయన గోడ మీది గడియారం వంక చూడలేదు, ఆమె మొహంలోకే చూశాడు. ఆమె మింగి, నీళ్లు తాగి, చిన్నపిల్లలా నోరు తెరిచి చూపించింది.

“మింగానండీ, చూసుకోండి” అంది.

ఆయన నవ్వబోయి ఏడ్చేశాడు.