మొక్కుకున్న పులి

మొగుడు ఓబులేసు మూడోసారి ఎగరడానికి నడుం వంచేసరికి రామసుబ్బమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

బద్వేలు నుంచి కడప పక్కనున్న ఈ పల్లెకు వాళ్లు తమాషా చూడ్డానికి రాలేదు. పోయిన చలికాలం కూతురికి విషజ్వరం వచ్చి మూడు రోజులు కళ్లు తెరవలేదు. బిడ్డ లేస్తే పీర్ల పండక్కి మొగుడితో పులివేషం కట్టిస్తానని మొక్కుకుంది రామసుబ్బమ్మ. బిడ్డ లేచింది. అందుకే పొద్దున్నే బస్సెక్కి వచ్చి, ఓబులేసు ఒంటికి పసుపురంగూ నల్లచారలూ పూయించి, నడుముకు తాడు కట్టి, ఆ కొస తాను పట్టుకుంది. మొక్కినవాళ్లే తాడు పట్టుకుని పులిని పీరు ముందుకు తీసుకురావాలి.

పీర్లను నిలిపిన చావిడి ఇంకా నూరడుగులుందనగా వాళ్లను దారిలో ఆపేశారు. ఎవరో కంట్రాక్టరు మిద్దె ముందు మద్రాసు చుట్టాలు కుర్చీలేసుకుని సోడాలు తాగుతున్నారు. ఎవరి మొక్కు ఏమైతే వాళ్లకేం, వేషాలు చూసి పోతే చాలు. ఒకాయన చేతిలో కెమెరా ఉంది.

"ఏయ్ పులీ, ఇటు తిరిగి ఎగురు!"

ఓబులేసు ఎగిరాడు. ఎండ సరిగ్గా పడలేదు, మళ్లీ ఎగరమన్నాడాయన. మళ్లీ ఎగిరాడు.

"చాలు, పా! తప్పెట్లు ఇనపళ్లేదా? పీర్లను ఏటికి లేపుతాండారు" అని తాడు లాగింది రామసుబ్బమ్మ.

"ఉండుమే, ఒక్కసారి. నా ఫోటో తీస్తాండారు."

"బిడ్డ కోసం వచ్చినామా, నీ మొగం కోసం వచ్చినామా?"

"పులికన్నా ఆడపులే బాగుందే!" అన్నాడు కెమెరా ఆయన. కుర్చీల్లో అందరూ నవ్వారు. వాళ్లతో కలిసి ఓబులేసూ నవ్వాడు. పరాయివాళ్ల నవ్వు సరే, బిడ్డ మంచం పక్కన మూడు రోజులు కూర్చున్నవాడికి నవ్వెట్లా వచ్చింది? ఆమెకు ఒళ్లు మండిపోయింది. తాడు అక్కడే పారేసి చావిడికి పరుగెత్తింది.

చావిడి ఖాళీగా ఉంది. ఏటిదాకా పరుగెత్తింది. అప్పటికే పీర్ల బాగోగులు చూసే ముజావరు వాటిని కడిగి, గుడ్డ చుట్టి, పెట్టెలో పెట్టేశాడు.

"ఒక్కసారి మూత తియ్యి సామీ. నాలుగడుగులు ఏసి పోతాడు."

ముజావరు చేతులు జోడించాడు. "కప్పిన పీర్లను తెరవకూడదమ్మా. వచ్చే ఏడు రాండి. ఏం కాదులే."

"ఏం కాదని నీకెట్ల తెలుసు?" అని అరిచింది. ఆ ముసలాయన తప్పేం లేదని తెలిసీ అరిచింది.

వెనకాలే ఆయాసపడుతూ వచ్చిన ఓబులేసు నీళ్లలోకి దిగబోయాడు.

"మొక్కు తీరకుండా రంగు కడిగితే చూడు!"

"బస్సులో జనం ఉంటారు కదమే!"

"ఉండనీ. చూసేవాళ్లు కావల్లంటివే. చూడనీ."

బస్సులో జనం చూశారు, నవ్వారు. ఓబులేసు తల ఎత్తలేదు. ఇల్లు చేరేసరికి కూతురు అవ్వ చెయ్యి విడిపించుకుని ఎదురొచ్చింది.

"నాయనా, సామి ముందర బాగా ఎగిరినావా?"

ఓబులేసు పెళ్లాం వైపు చూశాడు.

"నన్ను చూస్తావేంది? బిడ్డ అడుగుతాండాది" అంది రామసుబ్బమ్మ. "చెప్పు."