అల్లుడుగారికి నాలుగో జత

మా బావ మేడ దిగుతున్నాడంటే కింద దుకాణంలో ఉన్న నాకు ముందే తెలిసిపోతుంది. మొత్తం పద్నాలుగు చెక్కమెట్లు. రెండు దిగుతాడు, కమ్మీ పట్టుకుని ఆగుతాడు, ఒక జోకు విసురుతాడు. మళ్ళీ రెండు దిగుతాడు, మళ్ళీ ఇంకోటి. ఆయన మాటలకి మా మెట్లు చాలవని నేను నవ్వుకునేదాన్ని.

ఆ బుధవారం పొద్దున మాత్రం జోకుల్లేవు. దిగివచ్చి, చేతిలో ఉన్న గుర్రపు కాలితొడుగులు నా బల్లమీద పడేశాడు. ఎడమకాలి తొడుగు లోపలివైపు అరచేయంత మేర చీరుకుపోయింది.

"నాలుగో జత కావాలి, మరదలా. ఈసారి బాగా మందంగా ఉండాలి."

నాది గుర్రాల తోలుసామాను దుకాణం. జీన్లు, కళ్ళేలు, కాలితొడుగులు కుడతాను, చిరిగినవి బాగుచేస్తాను. మనుషుల బూట్లు కూడా చూస్తాను గానీ అది చేతి దురద కొద్దీ. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. గుర్రం కాలిని ఒకసారి చేత్తో తడిమితే చాలు, టేపు అక్కర్లేదు నాకు. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకుంటే అనుకోండి, ఉన్నమాటే.

బావ మా వీధి చివర గుర్రపుస్వారీ బడిలో మాస్టారు. పాఠాలు చెప్పేటప్పుడు ఆయన ఒక్కడే ఎక్కే గుర్రానికి బడి రిజిస్టరులో ఏదో పేరుంది, అది ఎవరికీ గుర్తులేదు. అందరూ అల్లుడుగారనే అంటారు. రెండుసార్లు బతిమాలితే గాని గడ్డి ముట్టదు. తనకంటే ముందు ఇంకో గుర్రాన్ని పలకరిస్తే మొహం గోడవైపు తిప్పేసుకుంటుంది. పన్నెండేళ్ళుగా దాని అలకలన్నీ తీర్చింది మా బావే. మా అక్క అలిగితే ఒక్కపూట కూడా పట్టించుకోని మనిషి.

ఇంతకీ దాని బాధేమిటంటే, కొన్ని నెలలుగా పరుగులో ఒక కాలి గిట్ట ఇంకో కాలికి తగులుతోంది. ఎడమ ముందుకాలికి లోపలివైపు, గిట్టపైన కీలు దగ్గర, ఎప్పుడు చూసినా పచ్చిపుండే. అక్కడ దెబ్బ తగలకుండా ఉండటానికే ఈ తొడుగులు. మొదటి జత మెత్తటి తోలుతో కుట్టాను. రెండోదానికి లోపలివైపు గట్టి రేకు పెట్టాను. మూడోది రెండు పొరలు. మూడూ ఒకే చోట చిరిగాయి, పుండు మాత్రం మానలేదు.

"శనివారం గుర్రాల డాక్టరమ్మ వస్తుంది," అన్నాడు బావ. "కొత్త దెబ్బ కనబడితే పాఠాలకి పనికిరాదని రాసేస్తానంది."

అలా రాస్తే బడి యజమాని అమ్మేస్తాడు. ఆయన చెడ్డవాడేం కాదు, కానీ పనిచెయ్యని గుర్రాన్ని ఎన్నాళ్ళు మేపుతాడు? కాలు చెడ్డ పదిహేనేళ్ళ గుర్రాన్ని ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో మా ఇద్దరికీ తెలుసు.

నా దగ్గరున్నవి మూడు రకాలు తీసి పరిచాను. ముందువైపు తెరిచి ఉండేవి అడ్డుకర్రలు దూకే గుర్రాలకి. కాలికి కర్ర తగిలితే ఆ నొప్పి తెలియాలి, లేకపోతే మర్నాటినుంచి కాళ్ళు ఎత్తడం మానేస్తాయి. గిట్టమీద గంటలా వాలేవి వెనక్కాలు వచ్చి ముందుకాలిని తొక్కేవాటికి. చుట్టూ మూసేవి మన అల్లుడుగారిలాంటి వాళ్ళకి. బావ వాటిలో అన్నింటికంటే లావుది పట్టుకున్నాడు.

"అది వద్దు," అన్నాను. "తొడుగు బరువైతే కాలు ఈడుస్తుంది. ఈడిస్తే ఇంకా తగులుతుంది. లోపల ఇసుక చేరి ఉన్న చర్మం కాస్తా ఊడుతుంది."

"నీ దగ్గర సరైనది లేదని చెప్పు, ఇంకో దుకాణం చూసుకుంటాను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నా దగ్గర లేనిది ఇంకెక్కడా లేదు బావా. రేపు పొద్దున బడికి వస్తాను. సుద్ద తీసుకొస్తాను. అప్పుడు తేలుద్దాం."

సుద్ద సంగతి నాకు పని నేర్పిన పెద్దాయన చెప్పింది. గిట్టల లోపలి అంచులకి తడిసుద్ద పూసి, కాళ్ళకి నల్ల తొడుగులు కట్టి, గుర్రాన్ని పరుగెత్తిస్తే ఏ గిట్ట ఎక్కడ తగులుతోందో తెల్లగా అచ్చు పడుతుంది. ఆ పని చేసి నాకు పదేళ్ళయింది. నా కన్నుమీద నాకు అంత నమ్మకం. అల్లుడుగారికి మూడుసార్లు కొలతలు తీశాను, మూడుసార్లూ గుర్రపుశాలలో నిలబెట్టే. పరుగెత్తే గుర్రానికి నిలబడ్డ గుర్రాన్ని చూసి కుట్టానన్న ఆలోచన ఆ రాత్రి గాని నాకు రాలేదు.

గురువారం పొద్దున ఇసుక మైదానంలో సుద్ద పూశాను. బావ గుర్రం ఎక్కడానికి వేసిన బల్లమీంచి జీనుమీద కూర్చుని పది చుట్లు తిప్పాడు. దిగేసరికి ఎడమ తొడుగుమీద ముద్ర కొట్టినట్టు తెల్లటి మచ్చ.

"చూశావా? కుడి గిట్టే," అన్నాడు, వాదన గెలిచినట్టు.

నేను తుడిచేసి మళ్ళీ సుద్ద పూశాను. అక్కడ పాఠంకోసం ఎదురుచూస్తూ ఒకావిడ ఉంది. బ్యాంకులో పనిచేస్తుంది, అందుకని అందరూ బ్యాంకావిడ అంటారు. స్వారీ మొదలుపెట్టి ఆర్నెల్లయింది. "మేడమ్, మీరోసారి ఎక్కండి. బావ నా పక్కన నిలబడి చూస్తాడు," అన్నాను.

ఆవిడ గుర్రంమీద కూర్చున్నా కౌంటరు వెనక కూర్చున్నట్టే ఉంటుంది. కదలదు, మెదలదు. పది చుట్లు తిరిగి వచ్చింది. తొడుగుమీద మచ్చ లేదు.

"సుద్ద రాలిపోయుంటుంది," అన్నాడు బావ.

మళ్ళీ పూశాను. మళ్ళీ మచ్చ పడలేదు.

"ఆవిడ నెమ్మదిగా పోనిచ్చింది."

"మాస్టారూ, ఇంతకంటే జోరంటే నావల్ల కాదు!" అని అరుస్తూనే ఆవిడ జోరుగా ఇంకో పది చుట్లు తిప్పింది. తొడుగు నల్లగా అలాగే ఉంది.

"ఇప్పుడు నువ్వెక్కు బావా."

ఈసారి నేను పక్కన కాదు, వెనక నిలబడ్డాను. రెండు చుట్లకే నాకు కావలసింది కనబడింది. మనిషి బరువంతా కుడివైపు పాదం పెట్టే రికాబుమీద ఉంది. ఎడమకాలు ఊరికే వేలాడుతోంది. జీను కుడివైపుకి జారింది. అల్లుడుగారు పాపం, బావ పడిపోకుండా ఆ బరువు కిందకి తన కుడికాలు తెచ్చి వేస్తోంది. వేసిన ప్రతిసారీ ఎడమకాలిని కొట్టుకుంటోంది.

బావ దిగాక రికాబు పట్టీలు చూశాను. అవి నేను కుట్టినవే. ఎడమ పట్టీకి నేను వెయ్యని రంధ్రం ఒకటుంది, మేకుతో పొడిచింది. అన్నిటికంటే పైరంధ్రానికి ఇంకా అర వేలెడు పైన ఉంది. ఎడమ రికాబు అంత పొట్టి చేసుకుని కూడా బరువు కుడికాలిమీదే వేస్తున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. కిందటేడు బావ గుర్రంమీంచి పడి ఎడమతొడ విరిగింది. కట్టు విప్పాక, అంతా బాగైపోయిందని చెప్పి తిరగడం మొదలుపెట్టాడు. మూడునెలల కింద తన బూట్లు నాకిచ్చాడు. కుడి మడమ మేకులదాకా అరిగిపోయింది, ఎడమది కొత్తదానిలా ఉంది. "కుంటిబిళ్ళ ఆడుతున్నావా బావా?" అని వెక్కిరించి కొత్త మడమ కొట్టి ఇచ్చేశాను. ఆయనా నవ్వాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇంట్లో ఉన్న బూట్లు వదిలేసి గుర్రం కాళ్ళు పట్టుకుని కూర్చున్నాను. మెట్లమీద జోకులు కూడా అందుకేనని అప్పుడు అర్థమైంది. కాలు నొప్పెట్టి ఆగిన ప్రతిచోటా ఒక జోకు.

"బావా, దెబ్బ తొడుగువల్ల కాదు, గుర్రంవల్లా కాదు. నీ ఎడమకాలు కురచైంది. నువ్వు ఒరిగి కూర్చుంటున్నావు."

"అంటే నన్ను కుంటివాణ్ణంటావు."

"అంటాను. ఆ సంగతి నీకూ తెలుసు. లేకపోతే నా పట్టీకి మేకుతో పొడవడం ఎందుకు? ఆడలేక మద్దెల ఓడన్నట్టు మూడు జతలు కుట్టించావు నాచేత."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. బావ కళ్ళెం పట్టుకుని గుర్రాన్ని నడిపించుకుంటూ శాలలోకి వెళ్ళిపోయాడు, తిరిగి చూడలేదు. మా నాన్న పోయినప్పుడు ఈ దుకాణం నిలబెట్టడానికి నాతో సమానంగా తోలు మోసిన మనిషి ఆయన.

"చెప్పకుండా ఉండాల్సిందా?" అని అడిగాను బ్యాంకావిడని.

"శనివారం తరవాత చెప్పి లాభమేముంది?" అంది ఆవిడ.

రెండు రోజులు బావ నాతో మాట్లాడలేదు. చెప్పులేసుకుని దుకాణంలోంచే బడికి వెళ్ళాడు, వచ్చాడు. గుర్రం మాత్రం ఎక్కలేదని బ్యాంకావిడ చెప్పింది. స్వారీ బూట్లు మెట్లకింద అలాగే పడున్నాయి. శుక్రవారం వాటిని బల్లమీదకి తీసుకున్నాను. ఆ మేకు రంధ్రం ఎంత ఎడముందో అంతే మందం రావాలి. పల్చటి తోలుపొరలు ఒకదానిమీద ఒకటి అంటించి, ఎడమ బూటుకి సగం లోపల, సగం అడుగు అట్టకింద పెట్టి, అంచు అరగదీసి రంగు వేశాను. పక్కపక్కన పెడితే ఏది ఎత్తో ఇంకొకళ్ళు చెప్పలేరు. నేను చెప్పగలను.

శనివారం డాక్టరమ్మ వచ్చింది. బూట్లు సంచిలో పెట్టుకుని నేనూ వెళ్ళాను. బ్యాంకావిడ అప్పటికే అల్లుడుగారిమీద ఉంది. బావ చెప్పులకాళ్ళతో కమ్మీ పక్కన నిలబడ్డాడు. తొడుగులు కట్టలేదు. గుర్రం ఇరవై చుట్లు తిరిగి వచ్చింది. డాక్టరమ్మ వంగి, ఎడమకాలు ఎత్తి చూసింది. పాతపుండు పక్కు కట్టింది, కొత్త గీత ఒక్కటీ లేదు.

"మానిపోతోందే! ఏం తొడుగులు వేశారు?" అంది మా వైపు తిరిగి.

నేను బావవైపు చూశాను. బావ ఒక్క అబద్ధం ఆడితే చాలు, అల్లుడుగారు ఉంటుంది, ఆయన స్వారీ ఉంటుంది, ఎవరికీ ఏమీ తెలియదు. నెలరోజుల్లో పుండు మళ్ళీ లేస్తుంది, అది వేరే సంగతి.

"తొడుగులు కాదండీ," అన్నాడు బావ. "ఎక్కే మనిషి మారాడు. ఆ దెబ్బలన్నీ నావల్ల తగిలినవి. విరిగిన కాలు కురచైంది, నేను ఎవరికీ చెప్పలేదు."

డాక్టరమ్మ కాగితం తీసింది. "గుర్రానికి ఏ లోటూ లేదని రాస్తాను. మీరు మాత్రం ఆ కాలు చూపించుకునేదాకా దీన్ని ఎక్కకూడదు."

"ఎక్కను."

ఆవిడ వెళ్ళాక బావ అల్లుడుగారి కాలు తడుముతూ చాలాసేపు కూర్చున్నాడు. పన్నెండేళ్ళలో దాని జీను బిగించడం కూడా ఇంకొకళ్ళకి వదిలిపెట్టని మనిషి, లేచి కళ్ళెం బ్యాంకావిడ చేతిలో పెట్టాడు. "నీళ్ళు పెట్టేముందు రెండుసార్లు బతిమాలండి, లేకపోతే తాగదు," అన్నాడు.

"అయితే వట్టికాళ్ళేనా దానికి?" అన్నాడు నాతో. రెండు రోజుల తరవాత మొదటి మాట.

"వట్టికాళ్ళే. నాలుగో జత నీకు."

సంచిలోంచి బూట్లు తీసిచ్చాను. ఎడమదాంట్లో చెయ్యి పెట్టి తడిమి చూసుకున్నాడు.

"కొలత ఎక్కడిది?"

"నీ మేకు రంధ్రమే కొలత. ఇంకోసారి నా తోలుకి మేకు తగిలిందంటే ఆ రెండో కాలు నేనే విరగ్గొడతా."

నవ్వాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంటికొచ్చాక ఆయన ఆ బూట్లతోనే మేడ ఎక్కుతుంటే నేను కింద బల్లదగ్గరే ఉన్నాను. నెమ్మదిగానే ఎక్కాడు, కానీ పద్నాలుగు మెట్లూ ఆగకుండా, ఒకే తూకంగా. సగం మెట్లు దాటాక పైన వంటింట్లోంచి మా అక్క గొంతు వినిపించింది.

"ఎవరండీ వచ్చేది? దుకాణం కిందనండీ, పైకి కాదు."

"నేనేనే," అన్నాడు బావ.

గిన్నె కిందపెట్టిన చప్పుడైంది. అక్క మెట్లపైకి వచ్చి నిలబడి ఆయన కాళ్ళకేసి చూసింది.

"ఏడాదిగా ఒక మెట్టు గట్టిగా, ఒక మెట్టు మెల్లగా వింటున్నాను," అంది. "మీ అంతట మీరు చెబుతారని ఎదురుచూశాను."

బావ జోకేమీ వెయ్యలేదు. పైమెట్టుమీద కూర్చుని, ఎడమకాలు చాపి, అక్కకి చోటిచ్చాడు. ఆవిడ పక్కన కూర్చుంది. నేను దుకాణం తలుపు దగ్గరగా వేసి నా పని చూసుకున్నాను.