అరువు వేలిముద్రలు

కట్టంగూరు దగ్గర హైవే పక్కనున్న, పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో పాత రికార్డుల గది తెరిచిన రోజు గ్లోరీ గుమ్మంలోనే ఆగిపోయింది. పావురాల రెట్ట, ఎలుకల కంపు, పత్తి నుసి. ముక్కుకు చున్నీ చుట్టుకుని, వానాకాలమంతా కూర్చుని, ఒక్కో రిజిస్టరూ దులిపి పెట్టింది. అది కడుక్కుంటే పోయే కంపు. మనుషుల దగ్గర వచ్చే కంపు సబ్బుకు లొంగదని ఆమెకు తర్వాత తెలిసింది.

మిల్లుకు యాభై ఏళ్లు నిండుతున్నాయి. పాత కంపెనీల కాగితాలు భద్రపరిచే హైదరాబాదు సంస్థ ఒకటి, మీ రికార్డులు మాకిస్తే పది కాలాలు కాపాడతామంది. షరతు ఒక్కటే. అసలైనవే ఇవ్వాలి, మరకలుంటే మరకలతోనే. ఆ పనంతా ఆఫీసు చూసే గ్లోరీకి అప్పగించారు. దానపత్రం మీద యజమాని దివాకర్ సంతకం అయిపోయింది. కింద "ఇవి అసలు రికార్డులే" అన్న చోట గ్లోరీ సంతకం పెట్టాలి.

ఆమె అంత ఒళ్లొంచడానికి వేరే కారణముంది. వాళ్లమ్మ సాలమ్మ ఈ మిల్లులోనే పత్తి ఎత్తిపోసిన మనిషి. ఆడవాళ్లు కుడి బొటనవేలు వేయాలన్నది ఆనవాయితీ. జీతాల రిజిస్టర్లో సాలమ్మ కుడి వేలు వారం వారం కనిపిస్తుంది. ఒక చోట కొన్ని వారాలు ఖాళీ. అక్కణ్నుంచి అన్నీ ఎడమ వేళ్లే. మిషన్లో వేలు తెగిన సంగతి మిల్లులో ఏ కాగితం మీదా లేదు. గడ్డి కోస్తుంటే తెగిందని చెప్పమన్నారు అప్పటి యజమాని పెద్దసారు. పని పోతుందని సాలమ్మ అట్లాగే చెప్పింది. ఆ ముద్రలు తప్ప ఈ లోకంలో ఇంకో సాక్ష్యం లేదు. అవి భద్రంగా ఒక చోటికి చేరాలని గ్లోరీ ఆరాటం.

పంపే ముందు దివాకర్ వచ్చి చూశాడు. కర్చీఫు ముక్కుకు అడ్డం పెట్టుకుని రిజిస్టరును వేలికొసతో తిప్పాడు.

"గియ్యా మనం పంపేటియి? ఛీ! గీ మురికి జూస్తే మన ఇజ్జతేమన్న ఉంటదా?"

అకౌంటెంటు హనుమంతుది గుండ్రని రాత. కొత్త పుస్తకాలు కొని అతనితో అన్నీ తిరగరాయించారు. పాతవాటిలా కనబడాలని కాగితాలకు చాయ్ డికాక్షన్ పూయించారు. మిగిలినవి వేలిముద్రలు. ఎంగిలి చేత్తో కాకిని తోలని దివాకర్, ఆ రోజు బిర్యానీ పొట్లాలు తెప్పించి, యార్డులో పత్తి ఊడ్చే ఆడవాళ్లను వరుసగా కూర్చోబెట్టాడు. బతికున్నవాళ్లకూ చచ్చినవాళ్లకూ, మగవాళ్లకూ ఆడవాళ్లకూ వాళ్లే వేళ్లు వేస్తున్నారు.

"ఇగో, నేను మారయ్యనైన! మీసాలు తెండ్రే!" అంది బీరమ్మ. అందరూ పకపకా నవ్వారు. మారయ్య చనిపోయి చాలా ఏళ్లయింది. నవ్వేవాళ్ల మీద గ్లోరీకి కోపం రాలేదు. నవ్వించే తతంగాన్ని చూస్తే ఒళ్లంతా జెర్రులు పాకినట్టయింది.

కొత్త పుస్తకంలో సాలమ్మ పేరు వెతికింది. ఎదురుగా నున్నటి, నిండు బొటనవేలు. మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా అదే వేలు. ఖాళీ వారాలు లేవు. ఎడమ వేలు లేదు. గ్లోరీ ఆ పుస్తకం దివాకర్ ముందు పెట్టింది.

"ఇది మా అమ్మ వేలు కాదు సార్."

"ఏలుముద్ర ఏలుముద్రే గ్లోరీ. ఎవడు జూడొచ్చిండు? పాతయి చెత్త పత్తితోటి కాలవెట్టిస్త. నువ్వు జల్ది సంతకం పెట్టు."

ఇంతలో వేళ్లు చాల్లేదని ఊళ్లోంచి పాత కూలీలను పిలిపించారు. వాళ్లలో సాలమ్మ కూడా వచ్చి వరుసలో కూర్చుంది. హనుమంతు తలెత్తకుండా "కుడి ఏలు" అన్నాడు. సాలమ్మ కుడి వేలి మొండిని సిరాలో అద్ది నొక్కింది. పేజీ మీద నల్లటి మచ్చ పడింది.

"థూ! పేజంత ఖరాబు చేస్తివి. కుడి ఏలు ఏదీ?"

"మీ మిషిన్లనే ఉన్నది సారూ. తీసుకొచ్చియ్యి, ఎన్నిసార్లన్న ఏస్త."

హనుమంతు దివాకర్ వైపు చూశాడు. దివాకర్ ఆ చేతిని చూశాడు, చూపు తిప్పుకున్నాడు.

"ఆమెకు ఇంకో పొట్లం ఇయ్యుండ్రి" అన్నాడు.

గ్లోరీకి అసహ్యం నెత్తికెక్కింది. తిట్టబోయి ఆగింది. తిడితే పాత రిజిస్టర్లు సాయంత్రానికి బూడిద. పెన్ను తీసి దానపత్రం మీద సంతకం పెట్టింది.

"గదీ తెలివంటే" అన్నాడు దివాకర్, కారెక్కుతూ.

కారు మలుపు తిరగగానే గ్లోరీ గాలయ్య ఆటోను లోపలికి పిలిచింది. చెత్త పత్తి కుప్ప మీద పడేసిన పాత రిజిస్టర్లన్నీ ఎత్తి అందులో పేర్చి, అమ్మను కూడా ఎక్కించుకుంది. గేటు దగ్గర వాచ్‌మన్ మల్లన్న కాగితం అడిగితే దానపత్రం చూపింది. దాని మీద పాత అసలు రిజిస్టర్లని ఉంది, చిన్నసారు దివాకర్ సంతకముంది. ఆటోలో పాత రిజిస్టర్లే ఉన్నాయి. మల్లన్న గేటు తీశాడు. చాయ్ రంగు పుస్తకాలు ఆఫీసులో ఫ్యాను కింద ఆరుతున్నాయి.

ఆటో నార్కట్‌పల్లి వైపు మళ్లింది. అక్కడ హైదరాబాదు బస్సు ఎక్కాలి.

"కొలువు పోతదేమోనే" అంది సాలమ్మ.

"పోతది."

సాలమ్మ ఒళ్లో రిజిస్టరు పెట్టుకుని దాని మీద పొట్లం విప్పింది.

"పారెయ్ అమ్మా! వాళ్ల తిండి చూస్తేనే వాంతికొస్తాంది."

"బువ్వేం జేసిందే? ఏలు పోయిననాడు చాయ్ తాపి తోలిండ్రు. గియ్యాల బిర్యాని పెట్టిండ్రు. తిను."

గ్లోరీ తినలేదు. బొటనవేలు లేని చేతిలోంచి మెతుకులు జారి రిజిస్టరు మీద పడ్డాయి. అట్ట మీద నూనె పాకింది. గ్లోరీ గాభరాగా చున్నీతో తుడవబోయింది.

సాలమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యే. మరకలుంటే మరకలతోనే ఇయ్యమన్నరని నువ్వే జెప్తివి గద."