ఝాన్సీ ఎక్కిన బోటు

మా అన్న దాలయ్య కూతురు ఝాన్సీ మోటారుసైకిలు మీద లడఖ్ వెళ్లింది, బ్రహ్మపుత్రలో తెడ్డు వేసింది, తిరిగిన దారుల మీద రెండు పుస్తకాలు రాసింది. నౌపడలో చేపలు అమ్మేటప్పుడు ఆ పుస్తకాలు తట్ట పక్కనే పెట్టుకుంటాను. "మా మేనకోడలే రాసింది" అంటే జనం నోరు తెరిచి బేరమాడడం మరిచిపోతారు. గొప్పలంటారా? అవును, గొప్పలే. చెప్పుకోకపోతే ఎలా తెలుస్తుంది?

లోకమంతా తిరిగిన ఆ పిల్ల తండ్రి బోటు మాత్రం ఎక్కలేదు. మా ఒడ్డున ఆడవాళ్లం బోటుకు పసుపు రాస్తాం, కొబ్బరికాయ కొడతాం, చేపలు ఎత్తుకుంటాం. బోటులో కాలు పెట్టం. పెడితే గంగమ్మ తల్లి ఖాళీ వల పంపుతుందని నమ్మకం.

ఈసారి మన సముద్రం మీదే పుస్తకమంటూ వచ్చింది.

"అయ్యా, నన్ను తీసుకెళ్లు. ఒడ్డు మీంచి సూసి రాస్తే అబద్ధమవుతాది" అని తండ్రిని అడిగింది.

అన్న తలెత్తకుండా వల బాగుచేస్తున్నాడు. ఊరి పెద్ద లక్ష్ముడు లేచాడు. "దాలయ్యా, వల ఖాళీగా వస్తే నీ బోటు ఒడ్డుకి లాగడానికి ఒక్కడూ సెయ్యెయ్యడు. సెప్పేసినాను."

నాకు ఒళ్లు మండింది. "ఒరే లక్ష్ముడూ, మొన్న నువ్వు ఉత్త నాచు తెచ్చావు గదా! నీ బోటులో ఏ ఆడది ఎక్కిందో సెప్పరా!"

అందరూ నవ్వారు గానీ లక్ష్ముడు మాట మార్చుకోలేదు. అన్న వల పక్కన పెట్టి కూతురితో, "తెల్లారి రాయే" అన్నాడు. పదిమంది చెయ్యి వెయ్యకపోతే బోటు ఇసుకెక్కదు. అలలకు బద్దలైపోతే మా అన్నకు బతుకే లేదు.

మర్నాడు ఎండెక్కాక బోటు వచ్చింది. చేపన్నది లేదు. ఝాన్సీ నిలువునా తడిసిపోయి ఉంది, అరచేతులు చీరుకుపోయి ఉన్నాయి.

"నాను సెప్పలేదేటి!" లక్ష్ముడు అరిచాడు.

అన్న మోకాలి లోతు నీళ్లలోకి దిగి వల ఎత్తి చూపించాడు. "అడుగున రాళ్లకి సిక్కుకుపోనాది. కోసి వదిలేద్దామనుకున్నాను. ఈ ఆడగుంట వద్దన్నా ఇనకుండా దూకేసినాది. మునిగి మునిగి విడదీసినాది. వలకి ఒక్క కన్నైనా తెగినాదేమో సూసుకోండి."

లక్ష్ముడు వల తడిమి చూశాడు. కొత్త వల కొనడమంటే ఏమిటో అక్కడ తెలియనివాడు లేడు.

"సేపలైతే పడనేదు గదా" అన్నాడు, గొంతు తగ్గించి.

"పడనేదు. రేపూ దీన్ని ఎక్కించుకునే ఎల్తాను. బోటు పగిలిపోనీ, నా కూతురు దిగదు."

పుట్టి బుద్ధెరిగాక మా అన్న నోట అలాంటి మాట వినలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఇంతలో పెద్ద అల వచ్చి బోటును పక్కకు తోసింది. లక్ష్ముడు పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దూకి భుజం ఆనించాడు.

"ఏటి సూస్తన్నారు? పట్టండ్రా!"

మగాళ్లంతా పరుగెత్తారు. ఝాన్సీ కూడా దిగబోయింది.

"నువ్వు కూసోయే తల్లీ" అన్నాడు లక్ష్ముడు. అందరూ కలిసి ఆ పిల్లను బోటుతో సహా ఒడ్డుకు లాగారు.