ఎర్ర చుక్క మీద కాలు

బడి వంటగదిలో ఓజెల్లా పొయ్యిలోంచి మొక్కజొన్న రొట్టెలు తీస్తుండగా, టీచరు పెటిట్ వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. కాసేపట్లో ప్రదర్శన. అమెరికా అంతా ఫిబ్రవరిలో జరుపుకునే నల్లవాళ్ళ చరిత్ర నెలలో ఏటా పిల్లలు నల్లజాతి గొప్పవాళ్ళ వేషాలు కట్టి, జిమ్ హాల్లో మైనపు బొమ్మల్లా నిలబడతారు. ఎదురుగా నేలకి అంటించిన ఎర్ర కాగితపు చుక్కను ఎవరైనా తొక్కితే బొమ్మ మాట్లాడాలి, కాలు తీసేదాకా మాట్లాడుతూనే ఉండాలి. అదీ ఆట.

"ఓజెల్లా గారూ, మీ మనవరాలు టమార వేషం మార్చాలండీ" అంది టీచరు గిన్నెల వంక చూస్తూ. "ఆల్విన్ పేరు గొప్పవాళ్ళ జాబితాలో లేదంటున్నారు ప్రిన్సిపాల్ మేడమ్. విమానం నడిపిన మొదటి నల్లజాతి ఆడమనిషిగా నిలబడితే చాలన్నారు. పైలట్ కళ్ళద్దాలు కూడా తెచ్చాను."

ఆల్విన్ ఓజెల్లా అన్న; టమార కట్టాలనుకున్న వేషం అతనిదే. ఊరి ఈతకొలనులోకి అందరినీ రానివ్వాలని కోర్టు తీర్పు చెప్పిన వేసవిలో, నల్లపిల్లలతో కలిసి మునగడం కంటే కొలనే లేకపోవడం నయమనుకున్నారు ఊరి తెల్ల పెద్దమనుషులు. లారీలతో మట్టి పోయించి పూడ్చేశారు. తమ పిల్లలకీ లేకుండా చేసుకున్నారు, అంత గొప్ప తెలివి వాళ్ళది. ఎండకి తాళలేక ఆల్విన్ నదికి వెళ్ళాడు. తిరిగి రాలేదు.

ఆ మట్టి మీదే తర్వాత ఈ జిమ్ లేచింది. వాన కురుస్తున్నా సరే, ఓజెల్లా చుట్టూ తిరిగి పోతుందే తప్ప ఆ హాల్లో అడుగు పెట్టదు. హాలు నేల చెక్కల కింద నీళ్ళు కదులుతుంటాయంటే తోటివాళ్ళు నవ్వేవారు. నవ్వరూ మరి, పోయింది వాళ్ళ అన్న కాదుగా.

ఉన్న ఒక్క ఉద్యోగం ఊడుతుందన్న భయంతో ఆమె తలూపింది. తానే మనవరాలికి కళ్ళద్దాలు తగిలించి, టీచరు చెప్పినట్టు చెయ్యమంది.

"నువ్వు కూడా పూడ్చేస్తావా అమ్మమ్మా?" అంది టమార.

హాలు నిండింది. ఓజెల్లా గుమ్మం అవతలే నిలబడి చూసింది. ఎవరో టమార ముందున్న చుక్క తొక్కారు. టమార పెదవి విప్పలేదు. ఇంకొకాయన రెండుసార్లు తొక్కి, బ్యాటరీ అయిపోయినట్టుందని నవ్వాడు. పిల్ల కళ్ళద్దాలు తీసేసి చేత్తో పట్టుకుంది. టమారని పక్కకి తీసుకుపోవడానికి ప్రిన్సిపాల్ హార్‌గ్రోవ్ గబగబా వస్తోంది.

ఓజెల్లా గుమ్మం దాటింది. ఏప్రన్‌తోనే జనం మధ్య నుంచి నడిచి వెళ్ళి చుక్క మీద కాలు పెట్టింది.

"నా పేరు ఆల్విన్" అంది టమార. "నాకు పదకొండేళ్ళు. నాకు ఈత రాదు. మీరు నిలబడింది మా కొలను మీద."

నవ్వులు ఆగిపోయాయి. హార్‌గ్రోవ్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"కాలు తియ్యండి ఓజెల్లా. వంటగదిలో పనుంది మీకు."

పిల్ల అమ్మమ్మ కాలికేసి చూస్తోంది. చెక్కల కింద నీళ్ళు మెల్లగా కదిలాయి. ఓజెల్లా రెండో కాలు కూడా తెచ్చి చుక్క మీద పెట్టింది.