మూత మీద మూడు దెబ్బలు

నేను ఒక మూడు గిన్నెల స్టీలు క్యారేజీని. సికింద్రాబాదులో ఒక గిన్నెల కొట్టులో సాయిలు అనే మిల్లు కార్మికుడు నన్ను కొని, మూత మీద చుక్కలు చుక్కలుగా తన పేరు చెక్కించుకున్నాడు. ఆయన తర్వాత కొడుకు వైకుంఠం చేతికి వచ్చాను. పేరు మాత్రం ఇప్పటికీ తండ్రిదే. పోయినవాళ్ల పేరుతో అన్నం తినడం మనుషులకు మామూలే.

వైకుంఠం బీమా ఆఫీసులో గుమాస్తా. భార్య పోయింది, వంట తనే చేసుకుంటాడు. ఒంటిగంటకు నా మూత తీసి, చెంచాతో మూడు దెబ్బలు కొట్టేవాడు. అది వినగానే కిటికీ పక్క టేబులు దగ్గరి దేవదానం పళ్లెం పట్టుకుని వచ్చేవాడు. ఒంటిమనిషి, పొయ్యి ముట్టించడం రాదు. నా పై గిన్నె అతనిదే. పన్నెండేళ్లలో ఒక్కనాడు కూడా ఆ చప్పుడు కాకముందు కుర్చీలోంచి లేవలేదు. అడిగి తినే మనిషి కాదు.

"తొక్కు ఎట్లుందే?" అనేవాడు వైకుంఠం.

"ఉప్పెక్కువైంది. రేపు గూడ తే."

వాళ్ల స్నేహమంతా ఆ రెండు మాటల్లోనే నడిచింది.

ఊరంతటికీ రోగం వచ్చి ఆఫీసుకు తాళం పడింది. ఇంట్లోనే పని అన్నారు. అయినా వైకుంఠం ఏడింటికే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నన్ను నింపి, వంటగది నుంచి నాలుగడుగుల దూరంలోని టేబులు మీదికి మోసుకొచ్చేవాడు. మొదట నాకు నవ్వొచ్చింది. పై గిన్నె కూడా నింపడం చూశాక నవ్వు పోయింది.

ఒంటిగంటకు ఆఫీసువాళ్లంతా కంప్యూటరు తెర మీద కలిసి తిందామనుకున్నారు. తెరలో ఒక మూల దేవదానం, ముందు మెస్సు అన్నం. వైకుంఠం నా మూత మీద మూడు దెబ్బలు కొట్టాడు. దేవదానం కదల్లేదు. మళ్లీ కొట్టాడు. అతను అలాగే చూస్తూ కూర్చున్నాడు. కెమెరాకు వైకుంఠం మొహమే కనబడుతుంది, నేను కనబడను. వారం రోజులు కొట్టి, ఒకనాడు కంప్యూటరు మూసేశాడు. "నా బువ్వ లేకుంటే నాతోని పనేముంది వానికి" అన్నాడు గోడతో. ఆ రోజు మూడు గిన్నెలూ తెరవకుండానే చల్లారిపోయాయి.

మూడో నెలలో తెర మీద దేవదానం గడి మాయమైంది. అతనితో పాటు కాంట్రాక్టు వాళ్లందరినీ తీసేశారట. పోతూ ఒక్క మాట చెప్పలేదని వైకుంఠం ఇంకా కుమిలాడు.

మీటింగుల్లో అతను వినడమే తప్ప మాట్లాడింది లేదు. నాలుగో నెలలో పై అధికారి ఏదో అడిగితే జవాబు చెప్పాడు.

"వైకుంఠం గారూ, మీ మైకు ఆఫ్‌లో ఉందండీ."

"ఎప్పటిసంది?" అన్నాడు. ఆ మాటా ఎవరికీ వినబడలేదు.

మర్నాడు నన్ను నింపుకుని వారాసిగూడకు ఆటో ఎక్కాడు. దేవదానం గదికి తాళం. ఇంటి ఓనరమ్మ బయటికొచ్చింది.

"పోయిన నెలే ఖాళీ చేసిండు సార్. ఎటు పోయిండో చెప్పలే. ఫోను ఆఫీసుదట, వాపసిచ్చేసిండు. ఒంటిగంట కాంగనే పళ్లెం పెట్టుకుని ఆ ఫోను ముందల కూసునేటోడు. తినరాదె అంటే, ఇంకా గంట కొట్టలేదక్కా అనేటోడు. ఏం గంటనో ఏమో."

వైకుంఠం మెట్ల మీద కూలబడ్డాడు. నా మూత తీసి, చెంచాతో మూడు దెబ్బలు కొట్టాడు. నా జన్మలో నేనంత గట్టిగా ఎప్పుడూ మోగలేదు.

"గదేనా సార్ ఆ గంట?" అందామె.

అతను తలూపాడు. ఏడుపు ఆపుకోలేకపోయాడు. లేచేముందు నన్ను ఆమె చేతికిచ్చి, "వస్తే గిది కొట్టు తల్లీ, వానికి తెలుస్తది" అన్నాడు.

ఇప్పుడు నేను ఆమె అటక మీద ఉన్నాను. పై గిన్నెలో ఎండుమిరపకాయలు పోసింది. రోజూ ఒంటిగంట అవుతుంది. ఎవరూ రారు, ఆమె కొట్టదు.