తెల్లచీరకు పసుపు

బెల్‌బాటం ప్యాంట్ల మీద నా అభిప్రాయం మట్టెవాడలో అడగనివాడికి కూడా తెలుసు. ఉన్నవి రెండు కాళ్ళు, నాలుగు కాళ్ళకు సరిపడే గుడ్డ ఎందుకని నా వాదన. సినిమా బొమ్మ పట్టుకొచ్చి అచ్చం ఇట్లాగే కుట్టమనే కుర్రాళ్ళకు కొలతలు తీసుకుంటూనే చీవాట్లు పెట్టేవాణ్ణి. మోరీ కాలువ పక్కన నడిస్తే ఊరు ఊడ్చినట్టే ఉంటుంది, మున్సిపాలిటీ వాళ్ళు మీకు జీతమివ్వాలి అనేవాణ్ణి. ఎవరో పరాయి దేశంవాడు తొడుక్కున్నాడని మనమూ తొడుక్కోవడమేమిటని అడిగేవాణ్ణి. కుట్టి మాత్రం ఇచ్చేవాణ్ణి.

ఒకడు మాత్రం గట్టివాడు. "మరి మీ చర్చిల పెండ్లికొడుకు తొడిగే కోటు ఎవలది కాకా?" అన్నాడు. అది వేరే అన్నాను. ఎట్లా వేరో చెప్పమన్నాడు. కుట్టుమిషన్ కట్టేసి టీ తాగడానికి వెళ్ళిపోయాను.

నా పేరు ఏలియా. అంతకు ముందు ఉప్పలయ్య. నర్సంపేట పక్క ఊళ్ళో కూలి చేసుకునే మొగిలమ్మకు ఒక్కగానొక్క కొడుకుని. క్రైస్తవ మిషన్ వాళ్ళ దగ్గర కుట్టుపని నేర్చుకుని, బాప్తిస్మం తీసుకుని, వాళ్ళ హాస్టల్లోనే పెరిగిన రత్నమ్మను పెళ్ళి చేసుకున్నాను. నన్ను కన్న మా అవ్వ మాత్రం మారలేదు. పోచమ్మకు బోనం ఎత్తుతుంది, నన్ను ఉప్పలయ్య అనే పిలుస్తుంది.

నా పెళ్ళికి ఆమెను పిలవలేదు. పిలిస్తే మోకాళ్ళదాకా చీర ఎగ్గట్టుకుని, నోట్లో పొగాకు పెట్టుకుని, మిషన్ నడిపే తెల్ల దొరసాని పక్కన వచ్చి నిలబడుతుందని భయపడ్డాను. కబురు పంపడానికి వ్యవధి లేదని అందరికీ చెప్పాను. పెళ్ళైన సంగతి ఆమెకు నర్సంపేట అంగట్లో ఎవరో చెప్పారట. తర్వాత నేను రత్నమ్మను తీసుకుని వెళ్తే కోడిని కోసి అన్నం పెట్టింది. ఒక్కమాట అడగలేదు. అడగలేదు కదా అని నేనూ ఊరుకున్నాను.

ఎనభై ఒకటి మే నెలలో మా అమ్మాయి విమల పెళ్ళి కుదిరింది. విమల ప్రతి ఎండాకాలం సెలవులు వాళ్ళ నాయినమ్మ దగ్గరే గడిపిన పిల్ల. తానే బస్సెక్కి వెళ్ళి ఆమెను పిలిచి వచ్చింది. నాయినమ్మ ముందు బెంచీలో కూర్చోకపోతే తాను చర్చి గడప ఎక్కనని నాకు ముందే చెప్పింది. అంటుంది గానీ చేస్తుందా అనుకోవడానికి లేదు, అది నా బిడ్డ.

నా దిగులంతా చీర గురించి. మా పెళ్ళికూతుళ్ళు తెల్లచీర కడతారు. తెల్లటి వాయిల్ చీర తెచ్చి, దానికి చుట్టూ వెండిరంగు లేసు పదిహేను రోజులు కూర్చుని నేనే చేత్తో కుట్టాను. పెళ్ళికూతురికి తెలుపేమిటి, మొగుడు పోయినదానిలాగా అని అవ్వ ఇంట్లో రభస చేస్తుందని రత్నమ్మకూ నాకూ గుబులు. ఆమెకు చెప్పడానికి రెండు మూడు జవాబులు కూడా తయారుచేసి పెట్టుకున్నాను.

పెళ్ళికి రెండు రోజుల ముందు అవ్వ వచ్చింది. చీరను మడత విప్పి, లేసు మీద వేలితో రాసి చూసింది. ఆమె కట్టుకున్నది మట్టిరంగు చీర, మా నాయిన పోయిన ముప్ఫై ఏళ్ళుగా అట్లాంటివే కడుతోంది.

"మొగడు సచ్చినోళ్ళు తెల్లచీర కట్టుడు గడీల దొరసాన్ల ఇండ్లల్ల ముచ్చట" అంది. "నాట్లేసేటోళ్ళకు తెల్లచీర ఎక్కడిది బిడ్డా. మంచిగున్నది. కట్టుకోనీ."

నా జవాబులు నా దగ్గరే మిగిలిపోయాయి. వితంతువుకు తెలుపన్నది కూడా మా ఇళ్ళకు ఎక్కడినుంచో వచ్చిందేనని నాకు అంతవరకు తట్టలేదు.

మర్నాడు పొద్దున మేమంతా చర్చిలో రంగుకాగితాలు అతికించడానికి వెళ్ళాం. అవ్వ ఒక్కతే ఇంట్లో ఉంది. పనిముట్ల కోసం ముందుగా తిరిగి వచ్చింది నేనే. చీర దండెం మీద పరిచి ఉంది. నాలుగు మూలలా పసుపు ఉంది. తడి పసుపు, అది కూడా పిసినారితనం లేకుండా.

కొత్త బట్టకు పసుపు పెట్టకుండా మా ఊళ్ళలో ఎవరూ ఒంటిమీద వేసుకోరు. నా దుకాణానికి వచ్చేవాళ్ళంతా చేసేదే. కాలరు లోపల పసుపు మరకతో చొక్కాలు కుట్లు విప్పి వదులు చేయడానికి వస్తుంటే వెయ్యిసార్లు చూశాను. అయినా ఆ తెల్లటి గుడ్డ మీద, నా లేసు మీద ఆ పసుపు చూసేసరికి నాకు కోపం ఆగలేదు.

"నీ ఊరి రివాజులు ఊర్లనే పెట్టుకో" అన్నాను. "మా చీరకు చెయ్యి పెట్టకు."

అవ్వ పసుపు గిన్నె మూలకు పెట్టి, చేతులు తన కొంగుకు తుడుచుకుంది. నేను చీర పట్టుకుని బావి దగ్గరికి వెళ్ళి బట్టల సబ్బుతో రుద్దాను. పసుపు మీద సబ్బు పడితే ఎర్రబడుతుందని పసిపిల్లలకు కూడా తెలుసు. కోపంలో నాకే గుర్తు లేకపోయింది. నాలుగు మూలలా పారాణి పూసినట్టు ఎర్రగా తేలింది.

లోపలికి వచ్చేసరికి అవ్వ లేదు. ఆమె సంచీ లేదు.

విమల వచ్చి చీరను చూసింది. నాయినమ్మ ఏదని అడిగింది. జరిగింది చెప్పాను. దాచినా దాగేది కాదు.

"చీర ఏదైతేంది నాయినా" అంది. "నాయినమ్మ లేకుంటే నేను రాను. పాస్టరుగారికి నువ్వే చెప్పుకో."

సైకిలు తొక్కుకుంటూ బస్టాండుకు వెళ్ళాను. నర్సంపేట బస్సు నిండి ఉంది. అవ్వ కిటికీ పక్కన, ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుంది. పక్కన ఎవరో గంపతో ఉన్నారు. నిలబడే మాట్లాడాల్సి వచ్చింది. ముందు ఆమే అడిగింది.

"సబ్బు పెట్టినవా?"

పెట్టానన్నాను.

"నిమ్మకాయ పిండి ఎండల ఎయ్యి. ఎరుపు పోతది. పొద్దుగూకే యాళ్ళకు పసుపు గూడ పోతది. ఇంత దర్జీవి, గది తెల్వదా."

ఇంటికి పోదాం రమ్మన్నాను. ఆమె కిటికీలోంచి బయటకు చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అంది.

"నీ లగ్గం నాడు నువ్వు ఏం తొడిగినవో నాకు తెల్వదు. నీ అంగికి పసుపు పెట్టకపోతి. దీని చీరకన్న పెడుదామనుకున్న."

ఇరవై ఐదేళ్ళలో ఆమె ఆ మాట ఎత్తడం అదే మొదటిసారి. బస్సులో అంతమంది ముందు నాకు సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది. తప్పయిందని చెప్పాను. ఇప్పటి తప్పొక్కటే కాదని కూడా చెప్పాను. కండక్టరు దిగుతారా, టికెట్టు తీసుకుంటారా అని విసుక్కున్నాడు. ఆమె ఒళ్ళోని సంచీ లాక్కుని దిగాను. అందులో ఆమె పొగాకు ఉంది. తిట్టుకుంటూ వెనకే దిగింది.

ఆరు నిమ్మకాయలు పిండింది అవ్వ. మే నెల ఎండ మిగతా పని చేసింది. లేసు దగ్గర మాత్రం లేత పసుపు ఛాయ నిలిచిపోయింది. దానిమీద మళ్ళీ రుద్దనివ్వలేదు విమల.

పెళ్ళి పొద్దున నేను పెట్టెలోంచి నా కోటు తీశాను. నా పెళ్ళికి నేను కుట్టుకున్నదే, పక్కలు విప్పి రెండుసార్లు వదులు చేశాను. దాన్ని పట్టుకుని అవ్వ దగ్గరికి వెళ్ళి, దీనికి కూడా పెట్టమన్నాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది. లోపలి అస్తరు చిరిగిన చోట వేలు పెట్టింది.

"పాతది గద. కొత్తదానికే పెడుతరు."

"నువ్వు చూడలే గదనే. నీకు కొత్తదే."

అవ్వ ఆ కోటు ఒళ్ళో పరుచుకుని పసుపు గిన్నె దగ్గరికి లాక్కుంది. తర్వాత కాలరు లోపల, ఎవరికీ కనపడని చోట పసుపు పెట్టింది.

చర్చిలో ముందు బెంచీలో కూర్చుంది. చెప్పులు గడప బయటే విడిచింది. ప్రార్థన చేస్తున్నప్పుడు అందరూ కళ్ళు మూసుకుంటే ఆమె ఒక్కతే తెరుచుకుని మనవరాలినే చూసింది. లేసు పక్కన ఆ పసుపు ఛాయను చూసి ఇద్దరు ఆడవాళ్ళు ఇది కొత్త ఫ్యాషనా అని నన్ను అడిగారు. అవునన్నాను.

ఆ ఎండకు, ఆ కోటుకు నేను ముద్దగా తడిసిపోయాను. సోమవారం రత్నమ్మ బట్టలు ఉతకడానికి కూర్చుంటే నా తెల్లచొక్కా మెడ వెనక పసుపు అంటి ఉంది. ఆ చొక్కాకు సబ్బు పెట్టొద్దని చెప్పాను.